రెండో నంబరు ఫీడరు, ఎనభై వాట్ల హీటరు

కరోనా సద్దుమణిగిన ఏడాది, మార్చి నెలాఖరున, నన్ను అంబాజీపేట నుంచి అప్పనపల్లి వెళ్లే దారిలో ఉన్న ఒక సెక్షన్‌కి అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. విద్యుత్ శాఖలో సెక్షన్ అంటే ఏడెనిమిది ఊళ్లు, ఒక సబ్‌స్టేషన్, పదిహేను మంది సిబ్బంది, వీళ్లందరి తరఫునా మాట పడటానికి ఒక ఏఈ. అంతకు ముందూ ఆ తర్వాతా కలిపి పదకొండేళ్లు ఆ పని చేసి, ఈమధ్యే ముప్పై ఆరో ఏట స్వచ్ఛందంగా తప్పుకున్నాను. విశ్రాంత ఇంజనీరు అనగానే పాఠకులు నెరిసిన మీసాలు ఊహించుకుంటారు కాబట్టి ముందే చెబుతున్నాను. మీసం నల్లగానే ఉంది. విశ్రాంతి మాత్రం నిజమే.

చెప్పబోయేది ఒక హీటరు గురించి. కోనసీమలో హీటరు మాటెత్తితే వినేవాళ్లు ముందు మన ముఖం వంక చూస్తారు. ఇక్కడికి హీటర్లు అమ్మడానికి ఎవరైనా వస్తే, అతన్ని నీడలో కూర్చోబెట్టి, బొండం కొట్టి చేతికిచ్చి, నెమ్మదిగా ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు అడుగుతారు. అయినా మా సబ్‌స్టేషన్‌లో నాలుగు హీటర్లు ఉండేవి. వాటిని స్పేస్ హీటర్లు అంటాం. చలి ఊళ్లలో మనుషులు గదిలో పెట్టుకునే హీటరుకి ఇది చిన్న తమ్ముడు. ఇది ఉండేది ఇనప పెట్టెలో.

ఆ పెట్టె సంగతి కాస్త చెప్పాలి. సబ్‌స్టేషన్‌కి ముప్పై మూడు వేల ఓల్టుల కరెంటు వస్తుంది. దాన్ని పదకొండు వేలకి దించి ఊళ్లకి పంపుతారు. ఒక్కో వైపు వెళ్లే లైనుని ఫీడరు అంటారు. ఒక్కో ఫీడరుకీ యార్డులో ఒక బ్రేకరు ఉంటుంది. లైను మీద కొమ్మ పడ్డా, తీగ తెగినా అది దానంతటది తెరుచుకుని సరఫరా ఆపేస్తుంది. దీన్నే ట్రిప్ అవడం అంటాం. బ్రేకరు కింద సగం బీరువా అంత ఇనప పెట్టె ఒకటి ఉంటుంది. అందులో సన్న తీగలు, వాటిని బిగించే టెర్మినళ్లు, కరెంటు అందగానే బ్రేకరుని తెరిచే కాయిలు అనే తీగచుట్ట ఉంటాయి. ఆరుబయట ఉన్న ఇనప పెట్టెకి తెల్లవారుజామున చెమట పడుతుంది, చల్లటి నీళ్లు పోసిన గ్లాసుకి పట్టినట్టు. ఆ చెమ్మ టెర్మినళ్ల మీదికి చేరకుండా లోపలి గాలిని బయటికన్నా నాలుగైదు డిగ్రీలు వెచ్చగా ఉంచడం హీటరు పని. ఆరబెట్టడం కాదు, ఉడకబెట్టడం అసలే కాదు.

ఈ తేడా మా లైన్ ఇన్‌స్పెక్టరు అప్పారావు గారికి ఎవరూ చెప్పినట్టు లేదు. నేను చేరిన మూడో వారంలో యార్డులో తిరుగుతుంటే రెండో నంబరు ఫీడరు పెట్టె దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. తలుపు తీశాను. హీటరుకి దగ్గరగా ఉన్న తీగల తొడుగు మెత్తబడి, ఉడికిన సేమ్యాలా వేలాడుతోంది. హీటరు మీది రేకు చూస్తే రెండు వందల యాభై వాట్లు. కంపెనీ వాళ్లు ఇచ్చింది ఎనభై. అది అంతకు ముందు వానాకాలంలో కాలిపోతే దీన్ని బిగించారు.

“ఎనభై వాట్లేంటండీ, మరీ అన్యాయంగా,” అన్నారు అప్పారావు గారు. ఆయనకి రిటైర్‌మెంటు రెండేళ్లుంది. దేనికీ తొందరపడే మనిషి కాదు. “స్టోర్సులో రెండొందల యాభైది ఉందన్నారండి. ఎలాగూ పెడతన్నాం కదా, పెట్టేదేదో నిండుగా పెడదామని నేనే వేయించేనండి.”

మా వైపు విస్తరి ముందు కూర్చున్నవాడు చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి వడ్డిస్తారు. ఆ మర్యాద ఇనప పెట్టెకి కూడా జరిగిందన్న మాట. ఏప్రిల్ ఎండలో, దానికి తోడు రెండు వందల యాభై వాట్లతో, పాపం అది మాత్రం ఎంతకని తింటుంది.

స్టోర్సుకి ఎనభై వాట్ల హీటరు కావాలని ఇండెంటు పెట్టాను. అది వచ్చేలోగా ‘రెండో నంబరు ఫీడరు హీటరు స్విచ్ ఆఫ్‌లో ఉంచవలెను’ అని ఒక ఆర్డరు టైపు చేయించి, సంతకం పెట్టి, కంట్రోల్ రూమ్ గోడకి స్క్రూలతో బిగించాను. చెమ్మకి పాడవకుండా ప్లాస్టిక్ కవరు కూడా తొడిగించాను. ఆ సాయంత్రం నా సమర్థత మీద నాకు చాలా మంచి అభిప్రాయం కలిగింది. తర్వాత ఆ సంగతి మర్చిపోయాను. ఇండెంటు కూడా నన్ను మర్చిపోయింది.

కార్తీకం వెళ్లాక ట్రిప్పులు మొదలయ్యాయి. పడేది రెండో నంబరు ఫీడరు ఒక్కటే, అదీ పొద్దున్నే అయిదుకీ ఆరుకీ మధ్య. ఒక రోజు పడితే రెండు రోజులు ఊరుకుని మళ్లీ పడేది. ఆ ఫీడరు మీద రెండు ఊళ్లు, వైనతేయ ఏటి గట్టు పొడుగునా రొయ్యల చెరువులు ఉన్నాయి. తెల్లవారే వేళ చెరువు నీళ్లలో ప్రాణవాయువు రోజు మొత్తంలోకీ తక్కువ. అప్పుడే నీళ్లలోకి గాలి చిలికే ఏరియేటర్లు తిరగాలి. అప్పుడే మా కరెంటు పోయేది.

అంతకన్నా ఇబ్బంది మరొకటి. లైనులో లోపం వల్ల బ్రేకరు పడితే కంట్రోల్ రూమ్‌లో రిలే అనే పరికరం మీద చిన్న జెండా పడుతుంది. ఎర్ర రేకు ముక్క అంతే. ఫలానా లోపం వల్ల నేనే తీయించానని రిలే ఇచ్చే వాంగ్మూలం అది. ఈ ట్రిప్పుల్లో ఒక్కదానికీ జెండా పడలేదు. జెండా లేకుండా బ్రేకరు తెరుచుకుందంటే ఎవరో స్విచ్ తిప్పి తీశారని మాకు శిక్షణలో మొదటి వారమే చెబుతారు. జెండా లేకపోతే చెయ్యి ఉన్నట్టు.

పొద్దున్న ఆరు దాకా కంట్రోల్ రూమ్‌లో ఉండే చెయ్యి దావీదుది. దావీదు కాంట్రాక్టు షిఫ్ట్ ఆపరేటరు, నా వయసువాడే. ఐటీఐ చదివాడు, మాట తక్కువ, దస్తూరి గుండ్రం. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఉండే షిఫ్టు అంటే మిగతా ఆపరేటర్లకి పడదు. దావీదుకి అదే కావాలి, ఎందుకంటే పగలు భార్యని అమలాపురంలో బీఈడీ కాలేజీకి దింపి తేవాలి. అందుకని వాళ్లలో వాళ్లు సర్దుకుని, వారంలో ఆరు రాత్రులు అతనికే ఇచ్చేశారు. కాగితం మీద ఇది తప్పు. కాగితం బయట అందరికీ సుఖం. ఏఈకి తెలుసు, తెలియనట్టు ఉంటాడు.

ఇంతవరకైతే ఫర్వాలేదు. దావీదు బావమరిది రొయ్యల చెరువులకి జనరేటర్లు అద్దెకిస్తాడు.

ఈ సమాచారం నాకు చేరవేసింది సూర్నారాయణ గారు. అరవై దాటిన రైతు, అయిదు చెరువుల ఆసామి, తెల్లటి ఖద్దరు చొక్కా, చేతిలో హెల్మెట్. నా గదిలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, తలుపు దగ్గరగా వేసి మాట్లాడారు.

“ఏఈ గారూ, తమరు చిన్నవారు. మీకు తెలీదని కాదండి. అయిదూ ఇరవైకి కరెంటు పోద్దండి. అయిదూ పాతిక్కి జనరేటరు వాళ్లు ఫోన్ చేస్తారండి, పంపమంటారా అని. మేం ఇంకా చెరువు గట్టెక్కమండి. వాళ్లకెలా తెలిసిందంటారు?”

దావీదు కావాలని తీస్తున్నాడని అంటున్నారా అని అడిగాను.

“ఆయ్, నేను ఎవరి పేరూ అనలేదండి. తమరే అన్నారు.” నా బల్ల మీది పేపర్‌వెయిట్‌ని చూస్తూ చెప్పారు. “మొన్న ఒక చెరువులో రొయ్య తేలిపోయిందండి. నేను అరిచే మనిషిని కాదు. అరవాల్సిన చోట ఒక కాగితం ఇచ్చి వచ్చేను.”

ఆ కాగితం మర్నాడే పని చేసింది. నా పైఅధికారి, అంటే ఏడీఈ గారు, ఫోన్ చేసి మూడు రోజుల్లో రిపోర్టు పంపమన్నారు. వచ్చే నెలకి వేరే ఆపరేటరుని చూసి ఉంచమని కాంట్రాక్టరుకి చెప్పేశామని కూడా అన్నారు. పర్మినెంటు ఉద్యోగిని తీయాలంటే ఛార్జిషీటు, ఎంక్వైరీ, అప్పీలు, ఈలోగా అందరికీ బదిలీలు. కాంట్రాక్టు ఆపరేటరుని తీయాలంటే నా ఉత్తరంలో ‘నిర్లక్ష్యం’ అనే మాట ఒకటి చాలు. ఆ మాట నా కంప్యూటర్‌లో ఒకసారి టైపు చేసి చూశాను కూడా. చాలా సులభంగా పడింది.

అయితే రాసేముందు పట్టుకోవాలనిపించింది. శుక్రవారం పొద్దున్న నాలుగున్నరకి బయల్దేరి, బండిని సబ్‌స్టేషన్ గేటు అవతల కొబ్బరికాయలు ఒలిచిన డొక్కల పోగు వెనక పెట్టి, కంట్రోల్ రూమ్ కిటికీ పక్కన నిలబడ్డాను. డిటెక్టివు పని నేననుకున్నంత గౌరవంగా లేదు. పొగమంచు మెడలోంచి దిగుతోంది, దోమలు నన్ను గుర్తుపట్టాయి. లోపల దావీదు కుర్చీలో నిటారుగా కూర్చుని గోడ గడియారం వంక చూస్తున్నాడు. నేరస్థుడిలాగే ఉన్నాడు. అనుమానించడం మొదలుపెట్టాక గడియారం చూసేవాడు కూడా నేరస్థుడే.

సరిగ్గా అయిదింటికి లేచాడు. నెమ్మదిగా రెండో నంబరు ప్యానెల్ ముందుకి వెళ్లి నిలబడ్డాడు. కిటికీకి వీపు పెట్టి ఉన్నాడు, చేతులు కనిపించడం లేదు. యార్డులో ఢన్‌మని బ్రేకరు తెరుచుకుంది. వైనతేయ వైపు దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

నేను లోపలికి దూకినట్టే వెళ్లాను. “ఏం తిప్పేవు దావీదూ,” అన్నాను, గొంతులో ఉన్న అధికారమంతా పెట్టి.

అతను తిరిగాడు. ఎడం చేతిలో లాగ్‌షీటు అట్ట, కుడి చేతిలో పెన్ను, పళ్ల మధ్య పెన్ను మూత. మూత తీసి జేబులో పెట్టుకుని జవాబిచ్చాడు.

“రీడింగు రాస్తన్నానండి. రెండు చేతులూ ఖాళీ లేవు సార్.” తర్వాత నా చొక్కా చూసి, “తమరు తడిసిపోయేరు. టీ ఉందండి ఫ్లాస్కులో,” అన్నాడు.

లాగ్‌షీటు అంటే గంటగంటకీ ప్రతి ఫీడరు మీదా ఎంత కరెంటు వెళుతోందో రాసే పెద్ద కాగితం. రాసేవాడు ఆపరేటరు, అడుగున సంతకం పెట్టేవాడు ఏఈ. అతను రాస్తున్న మాట నిజమే, అంకె సగంలో ఆగిపోయి ఉంది. కానీ రెండు చేతులూ ఖాళీ లేనివాడికి మోచెయ్యి ఉంటుంది కదా అని నా బుర్రకి తట్టింది. ఇప్పుడు తల్చుకుంటే ఇదే నాకు ఎక్కువ ఇబ్బందిగా ఉంటుంది. కళ్లారా చూసి కూడా మోచెయ్యి దాకా వెళ్లాను.

ట్రిప్పు తర్వాత జరగాల్సిన పని అతను తప్పకుండా చేశాడు. జెండా చూశాడు, లేదు. లైన్‌మన్‌కి ఫోన్ చేసి లైను మీద మనిషెవరూ లేరని ఖాయం చేసుకున్నాడు. నన్ను అనుమతి అడిగాడు, ఫీడరు మళ్లీ వేశాడు. పద్దెనిమిది నిమిషాలు. జెండా పడని ట్రిప్పు తర్వాత ఈ పద్ధతి దాటడానికి వీల్లేదు. దాటితే పోయేది రొయ్య కాదు, లైన్‌మన్. చెరువుల వాళ్లకి మాత్రం అది పద్దెనిమిది నిమిషాల కుట్ర.

ఆఫీసుకి వెళ్లి నెల రోజుల లాగ్‌షీట్లు తీయించాను. పదకొండు ట్రిప్పులు. పదకొండూ దావీదు డ్యూటీలోనే. ఆదివారం పొద్దున్న ఒక్కటీ లేదు. శనివారం రాత్రి దావీదు రాడు. ఆదివారం ప్రార్థనకి పెందరాళే వెళ్లాలి కాబట్టి ఆ ఒక్క రాత్రి సుబ్బారావు అనే మరో ఆపరేటరు చేస్తాడు. దావీదు ఉంటే పడుతుంది, దావీదు లేకపోతే పడదు. నాకింకేం కావాలి. రిపోర్టు మొదటి పేరా రాసేశాను. బాగా వచ్చింది కూడా.

ఆదివారం వెళ్లి ఒకసారి చూస్తే సాక్ష్యం పూర్తవుతుందని మళ్లీ నాలుగున్నరకి లేచాను. ఈసారి దొంగచాటుగా వెళ్లలేదు, సుబ్బారావు మీద నాకు అనుమానమేమీ లేదు. సుబ్బారావు అందరికీ తెలిసిన బద్ధకస్తుడు. కుట్ర చేయాలంటే లేచి నిలబడాలి కదా.

అయిదు దాటింది. అయిదున్నర దాటింది. ఫీడరు పడలేదు. యార్డులో కుళాయి దగ్గర సుబ్బారావు స్నానం చేసి, రామనామం లాంటిదేదో గొణుక్కుంటూ తల తుడుచుకుంటూ వచ్చాడు. నన్ను చూసి కంగారుపడి తువ్వాలు భుజం మీద వేసుకోబోతే అది జారి నా చేతుల మీద పడింది.

తువ్వాలు వెచ్చగా ఉంది.

బయట పొగమంచులో కొబ్బరాకుల చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ముందు రోజు ఉతికి ఆరేసిన గుడ్డ ఏదైనా పిండితే నీళ్లు వస్తాయి. ఈ తువ్వాలు మాత్రం ఇస్త్రీ బండి మీంచి తీసినట్టు ఉంది. నెల రోజులుగా నేను చూసిన వాటిలో అసలు అనుమానించదగ్గది ఇదొక్కటే.

“ఇదెక్కడ ఆరేసేవయ్యా?”

“అంటే సార్, ఎక్కడో అక్కడండి.”

“ఎక్కడో అక్కడంటే?”

సుబ్బారావు తువ్వాలు నా చేతుల్లోంచి తీసుకుని మడత పెట్టాడు. “రెండో నంబరు పెట్టెలోనండి. కుళాయికి దగ్గర కదండీ. రాత్రి వచ్చేక స్విచ్ వేసి తలుపు లోపలేపు కొక్కేనికి తగిలిస్తానండి. పొద్దున్నకి చక్కగా ఉంటదండి. శనివారం ఒక్క రోజేనండి సార్, రోజూ కాదు.”

కరెంటు ఉన్న పెట్టెలో గుడ్డ ఆరేసినవాణ్ణి ఏమనాలో అన్నీ అన్నాను. అంటూ ఉండగా మధ్యలో నా నోరు దానంతటదే ఆగింది. శనివారం రాత్రి హీటరు వెలుగుతోంది. ఆదివారం పొద్దున్న ఫీడరు పడదు. మిగతా ఆరు రాత్రులు హీటరు వెలగదు. ఎందుకు వెలగదు?

ఆదివారం రాత్రి షిఫ్టుకి దావీదు వచ్చాడు. సోమవారం పొద్దున్న అయిదింటికి నేనూ అప్పారావు గారూ అతని దగ్గరికి వెళ్లాం. హీటరు ఎందుకు వేయడం లేదని దావీదుని అడిగాను. అతను గోడ వైపు చూపించాడు. ప్లాస్టిక్ కవరులో నా ఆర్డరు చెక్కు చెదరకుండా ఉంది. సంతకం కింద గీత కూడా గీశాను, చేరిన కొత్తలో ఉత్సాహం.

“ఏప్రిల్ నుంచీ ఒక్క రాత్రి కూడా వేయలేదు సార్,” అన్నాడు దావీదు. “సుబ్బారావు గారు వేస్తారని తెలీదండి.”

“చెమ్మ సంగతి మరి నాకు చెప్పొచ్చు కదా.”

“రాసేనండి.” లాగ్‌షీట్ల కట్ట తీసి కుడి చివర ఉన్న సన్నటి గడి మీద వేలు పెట్టాడు. దాన్ని రిమార్కుల కాలమ్ అంటారు. శాఖ పుట్టినప్పటి నుంచి ఆ గడిలో అందరూ రాసేది ఒకటే మాట, ‘నార్మల్’. దావీదు గుండ్రటి దస్తూరిలో తొమ్మిది చోట్ల ఉంది: ‘డీసీ దీపాలు తేడా. ఒకటి మసక.’ సబ్‌స్టేషన్‌లో బ్యాటరీ సరఫరా ఎక్కడైనా భూమిలోకి కారుతోందేమో చెప్పడానికి రెండు దీపాలు ఉంటాయి. రెండూ సమానంగా వెలిగితే క్షేమం. ఒకటి మసకబారితే ఎక్కడో తీగ తడిసింది. తొమ్మిది కాగితాల అడుగునా నా పొట్టి సంతకం ఉంది.

“ఫోన్ చేసి చెప్పాల్సింది దావీదూ.”

“తమరు సంతకం పెట్టేరు కదండీ. చూసేరనుకున్నానండి.”

ఇందులో వెటకారం ఉందేమోనని అతని ముఖం వెతికాను. లేదు. ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

పెట్టె తలుపు తీసి టార్చి వేశాం. టెర్మినళ్ల వరస మీద నీటి బొట్లు, పూసల దండ గుచ్చినట్టు. మా దగ్గర గాలిలో ఉప్పు ఉంటుంది, పైగా కొబ్బరి పీచు దుమ్ము. ఆ రెండూ కలిసిన నీరు వట్టి నీరు కాదు, తీగతో సమానం. బ్యాటరీ తీగ బిగించిన చోటికీ, బ్రేకరుని తెరిచే కాయిలు తీగకీ మధ్య ఒక బొట్టు సాగుతూ ఉంది. మేం ముగ్గురం వంగి చూస్తూ ఉండగానే అది పక్క బొట్టుని అందుకుంది. ఢన్‌మని ఫీడరు పడింది. రిలే దాకా వెళ్లకుండానే కాయిలుకి కబురందింది, కాబట్టి జెండా లేదు.

“ఓర్నీ,” అన్నారు అప్పారావు గారు. “దీనికి చెయ్యేం అక్కర్లేదండి.”

ఇక హీటరు లెక్క. రెండు వందల యాభైది మళ్లీ వేస్తే వేసవికి తీగలు ఉడుకుతాయి, ఆపితే చలికాలం ఫీడరు పడుతుంది. మధ్యలో ఎంత అన్నది ఊహకి వదలకూడదు. పెట్టె బయటి కొలతలు తీశాను. ఆరు వైపులూ కలిపి మూడు చదరపు మీటర్లు. రంగు వేసిన ఇనప రేకు లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకి అయిదున్నర వాట్ల దాకా వేడిని బయటికి వదిలేస్తుంది. మనకి కావలసిన తేడా అయిదు డిగ్రీలు. మూడూ, అయిదున్నరా, అయిదూ గుణిస్తే ఎనభై రెండున్నర. కంపెనీ వాడు ఎనభై అని రేకు మీద కొట్టింది పిసినారితనం వల్ల కాదు.

మీ గదికి హీటరు కొనుక్కునేటప్పుడు కూడా లెక్క ఇదే తీరు. మీకు ఎంత చలిగా ఉందని కాదు, ఆ గది గోడల్లోంచి, కిటికీల్లోంచి, తలుపు సందుల్లోంచి ఎంత వేడి పోతోందని అడగాలి. పోయేంత ఇస్తే చాలు. తలుపు సందులు మూస్తే అంత కూడా అక్కర్లేదు. ఆపైన ఇచ్చేదంతా వైరింగుకి పరీక్ష.

స్టోర్సులో ఎనభై వాట్లది ఇంకా లేదు. ఇండెంటులో ఒక గడి ఖాళీగా ఉందని ఏప్రిల్‌లోనే తిప్పి పంపారట, అది మా ఆఫీసు బీరువాలోనే దొరికింది. అందుకని పాత పద్ధతిలో, పింగాణీ హోల్డర్లు బిగించి, నలభై వాట్ల పాతకాలపు బల్బులు రెండు పెట్టాలనుకున్నాం. కోడిపిల్లల ఫారం సామాన్లు అమ్మే కొట్లో దొరుకుతాయని అప్పారావు గారు తెప్పించారు. తీరా చూస్తే ఆయన చేతిలో ఉన్నవి వందవి.

“ఎలాగూ వేస్తన్నాం కదండీ,” అన్నారు.

నేను బల్బు మీది అంకె చూపించాను. ఆయనే మళ్లీ వెళ్లి మార్చి తెచ్చారు.

మంగళవారం పొద్దున్న ఫీడరు పడలేదు. బుధవారం పడలేదు. బయట పొగమంచు అంతే ఉంది, పెట్టె లోపలి టెర్మినళ్లు పొడిగా ఉన్నాయి. జనరేటరు ఫోన్ రహస్యం కూడా తేలింది. దావీదు బావమరిది ఇల్లు అదే ఫీడరు మీద ఉంది. ఫ్యాను ఆగితే దోమలు లేపుతాయి, లేచినవాడు వ్యాపారం చూసుకుంటాడు.

అప్పటికి రిపోర్టు గడువు రెండు రోజులు దాటింది. ఏడీఈ గారికి ఫోన్‌లో అంతా చెప్పాను. ఆయన మంచివాడు, నాకు మంచి సలహానే ఇచ్చారు.

“ఆర్డరు మాట ఎందుకండీ మధ్యలో? వాతావరణంలో తేమ వల్ల అని రాసెయ్యండి. తేమని ఎవరూ సంజాయిషీ అడగరు.”

“మరి దావీదు సంగతేంటి సార్?”

“కొత్తవాడు వచ్చే నెల ఒకటి నుంచి జాయినవుతున్నాడు కదండీ. అదలా జరిగిపోద్ది.”

చిక్కు అక్కడుంది. తేమ అని మాత్రమే రాస్తే, తేమ పడుతుంటే నెల రోజులు ఆపరేటరు హీటరు ఎందుకు వేయలేదని మొదటి ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న అడిగేది సూర్నారాయణ గారైనా, కాంట్రాక్టరైనా, దానికి జవాబు భూమ్మీద ఒక్కటే ఉంది. అది గోడ మీద ప్లాస్టిక్ కవరులో ఉంది. దాన్ని తీసేసి జేబులో పెట్టుకుంటే నాకు ఏమీ కాదు. నాలుగు స్క్రూలు. ఒక స్క్రూడ్రైవరు చాలు. ఇది నేను ఊరికే అనడం లేదు. బుధవారం మధ్యాహ్నం ఆ గోడ ముందు స్క్రూడ్రైవరుతో కాసేపు నిలబడ్డాను.

పగటి డ్యూటీలో ఉన్నది సుబ్బారావు. “తీసేస్తారా సార్,” అన్నాడు.

తీశాను. జిరాక్సు తీయించి రిపోర్టుకి జత చేశాను. తొమ్మిది లాగ్‌షీట్ల నకళ్లు కూడా పెట్టాను. ‘ఆపరేటరు వ్రాతపూర్వక ఆదేశాన్ని పాటించినందువల్ల, అసిస్టెంట్ ఇంజనీరు లాగ్‌షీటు రిమార్కులు చదవనందువల్ల’ అని రాశాను. నిర్లక్ష్యం అనే మాటని అంతకు ముందే టైపు చేసి ఉంచుకున్నాను కదా. కింద పేరు మార్చి వాడుకున్నాను.

నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రాశాను. అందులో హాస్యం తగ్గించమని ఏడీఈ గారు ఒకసారి వెనక్కి పంపారు. చివరికి నా సర్వీసు పుస్తకంలో మందలింపు అని ఒక వాక్యం చేరింది. దావీదు అదే షిఫ్టులో ఉన్నాడు. అతను నాకు కృతజ్ఞతలు చెప్పలేదు. నేను క్షమాపణ చెప్పబోతే, “ఫీడరుకి తొమ్మిది గంటలకి ఎల్‌సీ అడిగేరండి, ఇవ్వమంటారా,” అని పని గుర్తు చేశాడు. ఎల్‌సీ అంటే లైను మీద పని చేసుకోవడానికి సరఫరా ఆపి ఇచ్చే అనుమతి. ఇవ్వమన్నాను. ఆ రోజు నుంచి రిమార్కుల గడి చదివాకే సంతకం పెట్టేవాణ్ణి. చాలా నెలలు అందులో ‘దీపాలు సమానం’ అని మాత్రమే ఉండేది. దావీదు ఒక్కసారి కూడా ‘నార్మల్’ అని రాయలేదు.

సుబ్బారావు మాత్రం, అసలు లోపం కనిపెట్టింది తన తువ్వాలే కాబట్టి ప్రశంసాపత్రం ఏమైనా వస్తుందా అని వాకబు చేశాడు. సూర్నారాయణ గారి అనుమానం తీరలేదు. రెండు బల్బులు పెడితే ఆగిపోయేదానికి నెల పట్టిందంటే, ఏఈకి కూడా జనరేటర్లలో వాటా ఉండి ఉంటుందని ఆయన ఇప్పటికీ అంటారట. ఆయన్ని తప్పు పట్టను. నేను మోచెయ్యి దాకా వెళ్లినవాణ్ణి.

ఆ ఉదంతం తర్వాత నేను పాటించినవి చిన్న విషయాలు. హీటరు వాట్లు పెట్టె కొలతల్ని బట్టి ఎంచాలి, ఇచ్చేవాడి ఉదారతని బట్టి కాదు. తాత్కాలికమని రాసే ఆర్డరు మీద అది ఎప్పుడు ముగుస్తుందో కూడా రాయాలి. ఇక జెండా పడని ట్రిప్పు వెనక మనిషి చెయ్యి ఉంటుందని శిక్షణలో చెప్పిన సూత్రం తప్పని నేను అనను. అక్కడా ఉంది. నేను దాన్ని స్విచ్ దగ్గర వెతికాను. అది ఏప్రిల్ నుంచీ గోడ మీదే ఉంది, సంతకంతో సహా.